సెంట్ల తగాదా

“వచ్చావా? వీధి మలుపు తిరిగావని ఇందాకే తెలిసింది. నీకంటే ముందు నీ సెంటు వచ్చి తలుపు కొట్టింది,” అన్నాడు కన్నారావు గడియ తీస్తూ.

గంగాదేవి నవ్వుతూ లోపలికొచ్చింది. తలమీద ఇప్పుడిప్పుడే మొలుస్తున్న జుట్టు, ఒళ్ళంతా లావెండరు. రాంగోపాల్‌పేట నుంచి అల్వాల్ దాకా బస్సులో పడి వచ్చిన మనిషిలా లేదు, పెళ్ళిపందిట్లోంచి లేచొచ్చినట్టుంది. ఆ నవ్వు చూసి కన్నారావుకి కడుపు రగిలింది.

రొమ్ము కేన్సర్‌కి ఆపరేషనూ కీమో అన్నీ అయ్యాక, మనసు కుదుటపడుతుందని డాక్టరమ్మే ఆమెని సలోమి దగ్గరికి పంపింది. కేన్సర్ నుంచి కోలుకుంటున్న ఆడవాళ్ళకి సలోమి సువాసన తైలాలతో చేతులూ పాదాలూ మర్దనా చేస్తుంది. అరోమా థెరపీ అంటారట.

“అ-రోమ అంటే, రోమాలు లేనివాళ్ళకి చేసేదా?” అని మొదటిరోజు కన్నారావు అంటే గంగాదేవి పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు తన ఖాతాలోది. ఆ తర్వాత గురువారం గురువారం నవ్వులన్నీ సలోమి ఖాతాలో జమవుతున్నాయి.

ఎంత చేశాడు తను! ఊరంతా కంప్యూటర్ల వెంట పరిగెడుతుంటే, సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం పెట్టుకుని కూడా ఆస్పత్రి వరండాలో కాపురం పెట్టాడు. ఇన్ఫెక్షన్ వస్తుందని తన పక్క హాల్లోకి మార్చుకున్నాడు. ఇప్పటికీ అక్కడే. నిద్రలో మోచెయ్యి తగిలితే కుట్లు నొప్పెడతాయని భయం. మాత్రలూ మంచినీళ్ళూ టీపాయ్ మీద పెట్టి దూరంగా నిలబడేవాడు. గాజుబొమ్మలా చూసుకున్నాడు. చేసింది తనూ, పేరు సలోమికీనా!

“సలోమి ఇవాళ ఏమందో తెలుసా...” వంటింట్లోంచి గంగాదేవి మొదలెట్టింది.

“పాలు!” కన్నారావు కేకపెట్టి పరిగెత్తాడు. గిన్నె మాడి బొగ్గయింది. “హాల్లో నాకు ముక్కు పగిలిపోతోంది. పక్కనే నిలబడి నువ్వేం చేస్తున్నావే? ధ్యాసంతా ఆవిడ మీదే!”

“ఏదో ఆలోచనలో ఉన్నానండీ,” అంది గంగాదేవి తలొంచుకుని.

మర్నాడే యుద్ధం మొదలైంది. కన్నారావు జనరల్ బజారుకెళ్ళి మల్లె అత్తరు తెచ్చి టీపాయ్ మీద పెట్టాడు.

“మా నాన్న అనకాపల్లిలో సెంట్లు కొన్నాడు, నేను సికింద్రాబాద్‌లో సెంట్లు కొంటున్నాను. ఆయన సెంట్లలో చెరకు పండింది. నావి ఏం పండుతాయో నువ్వే చెప్పాలి. ఎలా ఉంది?”

“మీరు తెచ్చాక బావుండకేం?”

“అక్కడికంటేనా?”

గంగాదేవి గురువారం రాగానే చెప్పులేసుకుంది.

మొగలి తెచ్చాడు. సంపెంగ తెచ్చాడు. గంధం తెచ్చాడు. పక్కింటి సుమిత్ర గుమ్మంలో నిలబడి ముక్కు ఎగబీల్చి, “ఏందన్నా, అగర్‌బత్తీల దుకాణం షురూ చేసిండ్రా?” అని అడిగింది. గంగాదేవి మాత్రం గురువారం మానలేదు.

చివరికి ఓ గురువారం వెనకాలే వెళ్ళాడు. తలుపు సందులోంచి చూశాడు. గంగాదేవి కళ్ళు మూసుకుని ఉంది. సలోమి ఆమె చేతిని ఒళ్ళో పెట్టుకుని ఒక్కో వేలూ నిమురుతోంది. భార్య మొహంలో అంత నిశ్చింత తను చూసి ఎన్నాళ్ళయిందో! సొంత ఇంట్లో పరాయివాడు కాపురం ఉన్నట్టు మండింది కన్నారావుకి.

“ఏ నూనె వాడతారమ్మా?” అడిగాడు, సలోమి బయటికి రాగానే, పోలీసులా.

“నూనెదేముందన్నా? లావెండరే. బజార్ల యాడైన దొరుకుతది. జెర ఆగుండ్రి, సీసా చూపిస్త.”

చూశాడు. అదే కంపెనీది, అదే సీసా కొన్నాడు. నూనె వేసి కింద దీపం పెట్టే మట్టికుండీ కూడా కొన్నాడు.

ఆ సాయంత్రం టీపాయ్ మీద సీసా పెట్టి, దీపం వెలిగించి, ఎదురుగా కుర్చీ వేసుకు కూర్చున్నాడు. ఇల్లంతా లావెండరు కమ్ముకుంది.

“అదే నూనె, అదే కంపెనీ. ఇంకేం తక్కువైంది గంగా? ఇంట్లో లేనిది అక్కడేముంది? ఆవిడో నేనో ఇవాళ తేల్చెయ్.”

గంగాదేవి టీపాయ్ మీదుగా అరచెయ్యి చాపింది.

కన్నారావు అందులో సీసా పెట్టాడు.

ఆమె సీసాని పక్కన పెట్టేసింది. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.

“కీమో మొదలైన దగ్గర్నించీ నాకు ఏ వాసనా తెలీదండీ.”