ఎండు పోగు

వాగు ఒడ్డున డేగ రాజైన ఏడాది ఒక ఆజ్ఞ వచ్చింది. ఈతచెట్టు మీది గిజిగాళ్లందరూ తమ గూళ్లకు పండుటాకు కట్టుకోవాలి. ఏ గూడు ఎవరిదో దూరం నుంచే తెలియాలట.

"ఆకేగా తాతా, కట్టేస్తే పోలా?" అంది పక్క చెట్టు తొర్రలో ఉండే గోరింక.

"ఇవాళ ఆకు కట్టమన్నవాడు రేపు గూటి మీదికే వస్తాడమ్మా," అన్నాడు ముసలి గిజిగాడు.

అన్నంతా అయింది. డేగ మూక ఆకులు చూసి మరీ గూళ్లు చీల్చింది, పిల్లల్ని ఎత్తుకుపోయింది. గోరింక అటు తిరిగి రెక్కలు దువ్వుకుంది.

"ఇక ఈ ఒడ్డున గిజిగాడన్న పేరే వినపడదు," అని డేగ చాటించింది.

గిజిగాళ్లకో పాత ఆచారం ఉంది. కొత్త గూటికి మొదటి పోగు పెద్దల గూటి నుంచే తెచ్చుకోవాలి. బతికి బయటపడ్డ ఏడుగురూ నేలమీది చీలికల్లోంచి తలా ఒక పోగు ఏరుకుని వాగు దాటబోయారు.

"ఒక్క పోగుతో ఏం కడతారు?" అంది గోరింక.

"ముడి వేయడం మాకు వచ్చుగా," అన్నాడు తాత.

డేగ పాలన మరో వానాకాలం చూడలేదు. తొలకరికి ఏడుగురూ వాగు దాటి తిరిగొచ్చారు; అదే ఈతచెట్టుకు ఏడు పచ్చని గూళ్లు వేలాడాయి. లోపల పిల్లలు ఒకటే గోల.

గోరింక తొర్రలోంచి తొంగిచూసింది. "గూళ్లు ముచ్చటగా ఉన్నాయి తాతా. ప్రతిదానికీ పైన ఆ ఎండు పోగు ఎందుకు?"

"గుర్తుపట్టలేదా అమ్మా?" అన్నాడు తాత. "నీ పక్కింటివేగా."