వెనక తలుపు తాళం

“కంపెనీ గురించి ఫోనులో ఎవరూ ఏమీ రాయకూడదు. ఫోటోలు పెట్టకూడదు. ఇంకెవరైనా పెడితే దానికి లైకు కూడా కొట్టకూడదు.”

హెచ్చార్ మేడమ్ కాగితం చదివి కళ్ళజోడు తీసింది. చొక్కాలు కుట్టే ఆ హాలులో మిషన్లన్నీ ఆగి ఉన్నాయి.

“మెచ్చుకోవచ్చా మేడమ్?” ఇస్త్రీ మేస్త్రీ అడిగాడు.

“అదీ కుదరదు.”

“మా తాత బొటనవేలు ముద్ర వేసి పొలం పోగొట్టుకున్నాడు. నేను బొటనవేలు ఎత్తితే ఉద్యోగం పోతుందన్నమాట. మా వంశానికి ఆ వేలే శని!”

హాలంతా నవ్వింది. మేడమ్ నవ్వలేదు.

ఆవిడ బాధ ఆవిడది. కిందటి నెల బాయిలర్ దగ్గర పొగ లేచింది. అందరూ వెనక తలుపు వైపు పరుగెత్తారు. తలుపుకి తాళం. బట్ట ముక్కలు బయటికి పోతున్నాయని యజమాని వేయించిన తాళం. ఆ తొక్కిసలాటలో మేస్త్రీ వదినకి మణికట్టు విరిగింది.

పొగ పోయింది. తాళం పోలేదు.

తర్వాత ఎవరో ఆ తాళం ఫోటో తీసి లోకం మీదికి వదిలారు. పెట్టిన ఖాతా పేరు ‘వెనక తలుపు’. అసలు మనిషెవరో ఎవరికీ తెలియదు. ఫోటో ఫోనులో నుంచి ఫోనులోకి పాకింది. తనిఖీవాళ్ళు వచ్చారు, తాళం ఊడింది. ఊడిన తాళానికి బదులుగా ఇప్పుడీ కాగితం వచ్చింది, జనం నోళ్ళకి.

“ఫోన్లన్నీ గేటు దగ్గరే పెట్టించుకుంటున్నాం కదా. ఆ ఫోటో తీసిన ఫోను లోపలికి ఎలా వచ్చింది?” మేడమ్ గుమ్మం వైపు చూసింది.

గుమ్మంలో గేటమ్మ నిలబడి ఉంది. నెత్తిన నీలం టోపీ. పొద్దున్నే అందరి ఫోన్లూ పెట్టెలో వేయించేది ఆవిడే. సంచులు వెతికేది ఆవిడే. మధ్యాహ్నం హాలులో ఒక చుట్టు తిరిగి, కునుకు తీసేవాళ్ళని లేపేదీ ఆవిడే. ఆవిడ పక్కన ఎవరూ క్యారేజీ విప్పరు.

“నేను వెతికిన ఏ సంచిలోనూ ఫోను లోపలికి రాలేదు మేడమ్,” అంది.

“సరే, అందరూ సంతకాలు పెట్టండి.”

కాగితం చేతులు మారింది. గేటమ్మ కూడా చెయ్యి చాపింది.

“నీకెందుకు? నువ్వు ఏజెన్సీ మనిషివి. ఇది కంపెనీ మనుషులకి,” అంది మేడమ్.

“మాలో మనిషివీ కాదులే!” మేస్త్రీ అందుకున్నాడు.

మళ్ళీ నవ్వులు. గేటమ్మ చాపిన చేత్తోనే టోపీ సర్దుకుంది.

కాగితం మేస్త్రీ దగ్గరికొచ్చి ఆగిపోయింది.

“నేను పెట్టను.”

“ఎందుకు పెట్టవు?”

“పని గంటల్లో నా చేతులు మీవి. జీతమిస్తున్నారు, వాడుకోండి. నోరు మా ఇంటి నుంచి తెచ్చుకున్నాను. దానికి మీరు పైసా ఇవ్వట్లేదు.”

“అయితే ఆ ఫోటో నీ పనే.”

“కాదు. నాదే అయితే ఎంత బాగుండు!”

“సాయంత్రం లోగా సంతకమైనా పెట్టు, ఫోటో పెట్టినవాళ్ళ పేరైనా చెప్పు. లేకపోతే రేపట్నుంచి రావద్దు.”

తిండి వేళకి వదిన కట్టు చేత్తో పక్కకొచ్చి కూర్చుంది. మిషను తొక్కలేక గుండీలు ఏరే పని చేస్తోంది.

“పౌరుషంతో పొయ్యి వెలగదు మరిదీ. గీకి పారేయకూడదూ?”

“నీ చెయ్యి అతుక్కుంటుంది వదినా. ఇవాళ వంచితే నా మెడ మళ్ళీ లేవదు.”

చుట్టు తిరుగుతూ వచ్చిన గేటమ్మ అక్కడ ఆగింది.

“పెట్టెయ్యి తమ్ముడూ. ఉత్త కాగితమేగా.”

“వరసలు కలపకు! మా ఫోన్లు పెట్టెలో మగ్గుతుంటే, లారీ వస్తే ఆఫీసుకి చెప్పాలని నీది మాత్రం నీ నడుముకే వేలాడుతోంది. నువ్వెవరి మనిషివో మాకు తెలియదనుకున్నావా? పో, మేస్త్రీ చచ్చినా పెట్టనన్నాడని వెళ్ళి చెప్పుకో.”

గేటమ్మ అతని మొహం కాసేపు చూసింది.

“వెళ్ళి చెప్తాలే,” అంది.

“చూశావా వదినా, విశ్వాసం! తోక ఒక్కటే తక్కువ.”

“ఊరుకో, వింటుంది.”

“విననీ!”

సాయంత్రం మేస్త్రీ ఇస్త్రీ పెట్టె ఆపి, గుండీలు మెడదాకా పెట్టుకుని ఆఫీసు గదికి వెళ్ళాడు.

“పెట్టను,” అన్నాడు గుమ్మంలోంచే.

మేడమ్ తలెత్తలేదు. “నీ సంతకంతో పని లేదు. ఫోటో పెట్టిన మనిషి దొరికింది. వెళ్ళు.”

“ఎవరు?”

“వెళ్ళమన్నానా?”

హాలులోకి వచ్చి చెప్పాడు. ఈలలు మోగాయి.

“దొరికిందా, పాడా! నీ దెబ్బకి మేడమ్ దిగొచ్చి, మొహం చెల్లక అలా అంది,” అన్నాడు కత్తిరింపు మేస్త్రీ.

అందరికీ ఆ మాటే నచ్చింది. మేస్త్రీకి ఇంకా బాగా నచ్చింది. ఛాతీ విరుచుకుని గేటు వైపు నడిచాడు. గేటమ్మకి అంటించాల్సిన నాలుగు మాటలు దారి పొడుగునా నూరుకున్నాడు.

గేటు దగ్గర ఎవరో మీసాలాయన ఫోన్లు పంచుతున్నాడు.

“గేటమ్మ ఏదీ?”

“ఏమో బాబూ. ఉన్నపళంగా రమ్మని ఏజెన్సీవాళ్ళు నన్ను పంపారు. వచ్చేసరికి కుర్చీ ఖాళీ.”

మేస్త్రీ తన ఫోను అందుకున్నాడు.

చేతిలో ఫోను టింగుమంది. వదినది కూడా. వెనక వరసలో అందరివీ.

‘వెనక తలుపు’ కొత్త ఫోటో పెట్టింది.

ఖాళీ కుర్చీ, దాని మీద నీలం టోపీ, కింద ఒక్క వాక్యం: ‘నేను ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు తమ్ముడూ, ఆ తలుపుకి మళ్ళీ తాళం పడితే నాకు కబురు చెయ్యి.’