క్యాంటీన్‌లో ఎత్తిన ఫోను

మా పాప గుక్కపట్టి ఏడుస్తుంటే వినే మనిషి పక్కన లేకపోవడం, అన్నిటికంటే నాకు అదే భయం.

పాపను మా కంపెనీ రెండో మిల్లులో ఉన్న పిల్లల గదిలో ఆయమ్మకు అప్పగించి, నేను మొదటి మిల్లులో దారం చుడతాను. టీ విరామంలో మా మిల్లు టెలిఫోన్ ఆపరేటర్ అన్న గదికి పరుగెత్తి, ఎప్పటిలాగే ఫోను తీసి నంబరు నొక్కాను.

"చెల్లెమ్మా, రోజూ ఆ క్యాంటీన్‌తో ఏం కబుర్లు? వంట నేర్చుకుంటున్నావా ఏంటి?" అన్నాడు అన్న, నవ్వుతూ.

"క్యాంటీన్ ఏంటన్నా? నేను చేసేది పిల్లల గదికి."

"నువ్వు నొక్కేది ఆ నంబరే. ఎత్తేది రెండో మిల్లు క్యాంటీన్‌లో. ఎక్కడ ఎత్తారో, ఎంతసేపు మాట్లాడారో ఆ మిల్లు ఎక్స్‌ఛేంజీ మన ఎక్స్‌ఛేంజీకి లెక్క పంపుతుందిగా. ఆయమ్మ ఫోను అటు మళ్లించుకున్నట్టుంది..." అంటూనే నవ్వు ఆపేశాడు.

అంతలో అవతల ఆయమ్మ ఎత్తింది.

"నిద్రపోతోందమ్మా బంగారుతల్లి. ఇదిగో, నా ఒళ్లోనే."

వెనక గిన్నెల చప్పుడు. ఇన్నాళ్లూ అది పిల్లలకు పాలు కలిపే చప్పుడనుకున్నాను.

"ఒక్కసారి లేపవా పిన్నీ? గొంతు వింటాను."

"పసిదాన్ని నిద్ర లేపుతారా ఎవరైనా?" అని పెట్టేసింది.

అన్న ఆ మిల్లు ఆఫీసుకు చేశాడు. "కనుక్కుంటాంలే" అన్నారు. షిఫ్టు అయ్యేదాకా మా గేటు తెరవరు.

మీలో ఎవరైనా రెండో మిల్లు వైపు వెళుతుంటే, పిల్లల గదిలోకి తొంగి చూడండి. కిటికీ పక్క ఉయ్యాలలో ఉండేది మా పాపే. ఫోను మాత్రం చేయకండి, వెళ్లి చూడండి.