ఆకు పేరు

ఖమ్మం ఆసుపత్రి వార్డు గుమ్మంలో ఒక ముసలాయన నిలబడ్డాడు. భుజాన గుడ్డసంచి. అందులోంచి పచ్చి ఆకుల వాసన.

"రవీందర్ భార్యవు నువ్వేనా బిడ్డా?"

వనజకు ఒళ్ళు మండింది.

భర్తకు తన కిడ్నీ ఇచ్చి నాలుగు నెలలైంది. ఇంటికొచ్చి బాగా తిరుగుతున్నవాడికి పదిహేను రోజులుగా మళ్ళీ కాళ్ళవాపు. కొత్త కిడ్నీ పాడవుతోందని, కారణం అంతుపట్టడం లేదని డాక్టర్లు అంటున్నారు. ఇప్పుడు ఈ పసరు వైద్యుడొకడు!

"మాకే మందులొద్దు. పో."

"మందు ఇద్దామని రాలే. ఒక్క మాట..."

"పోతవా, వాచ్‌మెన్‌ను పిల్వాల్నా?"

ముసలాయన సంచి సర్దుకుని వెళ్ళిపోయాడు. పక్కనే ఉన్న అత్త కళావతి ఎందుకో తల ఎత్తలేదు.

గంట తర్వాత డాక్టర్ వచ్చాడు. చేతిలో ఒక పచ్చి కొమ్మ.

"పసరు తాగించారా?"

"రెండుసార్లు అడిగిన్రు, లేదని చెప్తిమి గద సార్."

"నెలరోజులుగా ఈ ఆకు పసరు తాగిస్తున్నారట. ఒక పెద్దాయన వచ్చి, ఆకు పేరుతో సహా చెప్పి వెళ్ళాడు. మేమిచ్చే మందులకు ఇది పడదమ్మా."

కళావతి కోడలి చెయ్యి పట్టుకుంది.

"నేనే బిడ్డా! కిడ్నీకి బలమొస్తదని మజ్జిగల కలిపిచ్చిన. ఆ వైద్యునికి కామెర్లకని అబద్ధం చెప్పించి, మన వాడకట్టు ముత్తక్కతోని తెప్పించిన."

పసరు ఆపారు. వైద్యం మార్చారు. నెల తిరిగేసరికి రవీందర్ నడుచుకుంటూ ఇల్లు చేరాడు.

తన కిడ్నీ నిలిచింది! వనజ ఆ మాట వాడకట్టంతా చెప్పుకుని మురిసింది. చెప్పిన ప్రతిసారీ ఆ ముసలాయన గుర్తొచ్చి మనసు చివుక్కుమంది.

ఆగలేక ముత్తక్కను ఆయన పేరు, ఊరు అడిగి, కొత్త పంచె కొని, అత్తను వెంటబెట్టుకుని బూర్గంపాడు అవతలి అడవి పల్లెకు వెళ్ళింది.

వైద్యుడు జంపయ్య వాకిట్లో ఎప్పుడూ పదిమంది రోగులుంటారని ముత్తక్క చెప్పింది. ఒక్కరూ లేరు. మందు నూరే రోలు బోర్లించి ఉంది.

"జంపయ్య తాత లేడా అవ్వా?"

"మిరపకాయలేర కూలికి పోయిండు," అంది ఆయన భార్య కన్నమ్మ.

"కూలికా? గంత పేరున్న వైద్యుడు!"

"ఇప్పుడు మందు ఇస్తలేడు బిడ్డా. కిడ్నీ మార్చిన మనిషికని మీ ముత్తక్క నోరు జారింది. తెల్లారి బస్సెక్కి ఖమ్మం పోయి, డాక్టరుకు ఆకు పేరు చెప్పొచ్చిండు."

"చెప్తే ఏమైంది?"

"పేరు బయటపెట్టినోడు మళ్ళ మందు ఇయ్యొద్దు. తాతల కాడి నుంచి మా ఇంటి కట్టుబాటు."

వనజ చేతిలో పంచె బరువెక్కింది. ఆ రోజు ఒక్క మాట విననందుకు సిగ్గేసింది.

"ఆ కట్టుబాటు తాతకు యాదికి లేదేమో అవ్వా..."

"తెలిసే చెప్పిండు," అంది కన్నమ్మ తల పైకెత్తి, ముఖమైనా ఎరుగని మనిషి కోసం మూడు తరాల మందును వదిలేసి వచ్చిన మొగుణ్ణి తలచుకుని మురిసిపోతూ.