ఉతికిన బొంత

సంచి బల్ల మీద బోర్లించగానే బొంతలమ్మ ముక్కు మూసుకుంది.

రెండు నైటీలు, ఒక శాలువా, ఒక దిండు గలీబు. చెమట, పాలు, మందులు అన్నీ కలిసిన వాసన.

"వీటికి నీళ్ళు తగిలి ఎన్నాళ్ళయిందే తల్లీ?"

తెచ్చిన అమ్మాయికి పాతికేళ్ళుంటాయి. తల దువ్వుకోలేదు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"ఉతక్కుండానే కుట్టాలమ్మా. పసిపాపకి, చిన్న బొంత. ఆస్పత్రిలో ఉంది. పాలు తాగడం లేదు. రేపటికి కావాలి."

"ఆస్పత్రిలో ఉన్న పాపకి ఈ మురికి కప్పుతావా?"

పక్కన కత్తెర ఆడిస్తున్న తోడికోడలు కిసుక్కున నవ్వింది. "సబ్బంటే భయమేమోలే అక్కా."

"ఉతికితే వాసన పోతుందమ్మా," అంది అమ్మాయి నెమ్మదిగా.

"పోవాలనే కదా ఉతికేది."

ఈసారి కొట్లో ఉన్న వాళ్ళందరూ నవ్వారు. అమ్మాయి నవ్వలేదు.

పాత బట్టలు తెచ్చిస్తే బొంత కుట్టిచ్చే కొట్టు అది. పోయిన తాత చొక్కాలు, ఎదిగిపోయిన కూతురి గౌన్లు, ఎవరు ఏం తెచ్చినా బొంతలమ్మ పక్కన కూర్చోబెట్టుకుని వాటి కథ అడిగేది. కథ తెలిస్తే ఏ ముక్క మధ్యలో రావాలో తెలుస్తుందనేది. వీధంతా ఆమెను మెచ్చుకునేది అందుకే.

ఈ అమ్మాయిని మాత్రం అడగలేదు. వాసన అడ్డొచ్చింది.

"చూడమ్మాయ్, ఉతకని గుడ్డ మీద నేను సూది పెట్టను. లోపలి పొరల్లో చిక్కిన మురికి మళ్ళీ వదలదు. చెమట దారాన్ని తినేస్తుంది. అయినా కన్నతల్లివి, నీకే పట్టకపోతే ఆ పాప గురించి ఇంకెవరికి పడుతుంది?"

అమ్మాయి తలెత్తింది. ఏదో చెప్పబోయి, చుట్టూ ఉన్న మొహాలు చూసి ఆగిపోయింది.

"ఉతకనని మాటివ్వండమ్మా. చాలు."

"సరేలే, ఉతకను. రేపు సాయంత్రం రా."

అమ్మాయి వీధి మలుపు తిరిగిందో లేదో, బొంతలమ్మ పొయ్యి మీద నీళ్ళు పెట్టింది.

"మాటిచ్చావుగా అక్కా?" అంది తోడికోడలు.

"బద్ధకానికి మాటేమిటే. నాకు పాప ముఖ్యం."

రెండుసార్లు ఉతికింది. ఫ్యాను కింద ఆరేసి, ఇస్త్రీ చేసింది. ఆ తర్వాత మనసు పెట్టి కుట్టింది. మెత్తటి శాలువాని పాప ఒంటికి తగిలే వైపు వేసింది. లేత చర్మానికి గుచ్చుకోకుండా ప్రతి ముడినీ పొరల మధ్యలోకి తోసింది.

మర్నాడు అమ్మాయి చెప్పిన వేళకే వచ్చింది. బొంత చేతుల్లోకి తీసుకుని, మొహం అందులో పెట్టుకుంది.

బొంతలమ్మ మెచ్చుకోలు కోసం ఎదురు చూసింది.

అమ్మాయి ఇంకో మూల వాసన చూసింది. తిప్పి శాలువా ఉన్న వైపు కూడా వాసన చూసింది.

"ఉతికారా?"

"రెండుసార్లు. ఇప్పుడు చూడు, కడిగిన ముత్యంలా ఎలా ఉందో."

అమ్మాయి అరవలేదు. పోట్లాడలేదు. బొంతను జాగ్రత్తగా మడిచింది.

"ఇవి వేసుకున్నావిడ, పాప వాళ్ళమ్మ, చనిపోయిందమ్మా. ఆవిడ వాసన తగిలితే పాప నా దగ్గర పాలు తాగుతుందేమోనని..."

మాట పూర్తి చేయకుండానే మెట్లు దిగిపోయింది.

బొంతలమ్మ గబగబా ముక్కల బుట్ట కింద కుమ్మరించింది. మిగిలిన ప్రతి పీలికా ఏరి ముక్కు దగ్గర పెట్టుకుంది.

సబ్బు వాసన. అన్నిటికీ తన సబ్బు వాసనే.

"అక్కా, నువ్వు మంచికే చేశావు," అంది తోడికోడలు.

"నోర్ముయ్యవే," అంటూ చెప్పులేసుకుంది బొంతలమ్మ.

పిల్లల వార్డులో మంచం వెతుక్కోవలసిన పని లేకపోయింది. కిటికీ పక్కన తన బొంత కనిపించింది. అందులో పాప. పాప నాన్న కాబోలు, ఓ మనిషి చెంచాతో పాలు పడుతున్నాడు. పాలు పెదవి చివర నుంచి కారిపోతున్నాయి.

"ఈ బొంత తెచ్చిన అమ్మాయి ఏది బాబూ?"

"ఇప్పుడే వెళ్ళిపోయిందండీ. బొంత చుట్టి పాపను ఒళ్ళో వేసుకుంది. పాప మొహం తిప్పేసుకుంది. రాత్రికి ట్యూబు పెడతామన్నారు డాక్టరు గారు."

"రేపు వస్తుందా?"

"రాదండీ. వాళ్ళాయన ఊరికి తీసుకెళ్ళిపోయాడు. నిన్ననే వెళ్ళాల్సింది, ఈ బొంత కోసం ఒక్క రోజు ఆగమని ఆయన్ని బతిమాలుకుంది."

బొంతలమ్మ మంచం ఊచ పట్టుకుంది.

"నేనే ఉతికాను బాబూ. వద్దని మరీ మరీ చెప్పింది. వినలేదు."

అతను పాప గడ్డం తుడిచాడు. తిట్టే ఓపిక కూడా ఉన్నట్టు లేదు.

"మీరేనా కుట్టింది? చాలా మెత్తగా ఉందండీ."

ఆ మాట చెంపదెబ్బలా తగిలింది.

"ఆ అమ్మాయి... పాపకి పిన్ని అవుతుందా?"

"పిన్ని కాదండీ, మాకసలు ఏమీ కాదు, పక్క మంచం మీద బాబు పోయాడు, వాళ్ళమ్మ ఆమె, మర్నాడు తనే వచ్చి 'నాకింకా పాలున్నాయి, మీ పాపకి పట్టనా' అని అడిగింది."