నాలుగడుగుల కింద

"అధికారి వచ్చాక నోరు జారకండి. అడిగినదానికే జవాబు చెప్పండి," అంది భార్య, ఆయన చొక్కా కాలరు సరిచేస్తూ.

"నాకు చెప్పొచ్చావా? తాతల నాటినుంచీ ఇది మెట్ట నేలేనంటాను. అంతే!" అన్నాడు గాలివాన.

గాలివాన ఆయన అసలు పేరు కాదు. ఎదుటివాళ్ల మాట పూర్తికాకముందే విరుచుకుపడతాడని వీధిలోవాళ్లు చాటుగా పెట్టుకున్న పేరు. మూడు నెలలుగా ఆయన ఊరి చివరున్న తన చిత్తడి నేలలో లారీలకొద్దీ మట్టి పోయించి, చదును చేయించాడు. అక్కడ గోదాము కట్టాలని ఆశ. ప్లాన్లూ ఇంజినీర్లూ అన్నీ అల్లుడు చూసుకుంటున్నాడు. ఇంతలో ఎవరో ఫిర్యాదు చేశారు. చిత్తడి నేలల అధికారి ఈరోజు తనిఖీకి వస్తారని ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. ఆ అధికారి ఇది చిత్తడేనని రాస్తే గోదాము గోవిందా. పైగా కోర్టు చుట్టూ తిరగాలి.

పది కొట్టేసరికి స్థలం దగ్గర జీపు ఆగింది. మోకాళ్లదాకా బూట్లు, చేతిలో పొడవాటి ఇనుప గొట్టంతో ఒక నడివయసు మనిషి దిగింది.

"నమస్కారమండీ. నేను..."

"తెలుసమ్మా, తెలుసు! మీకోసమే చూస్తున్నా. ఇది మెట్ట నేల. మా తాతగారి కాలం నుంచీ..."

"అది గొట్టం చెబుతుందిలెండి," అని నవ్విందామె. "పైన మట్టి ఎంత లోతు పోశారు?"

"మట్టా? ఏం మట్టి?"

"దాచకండి సార్. దాస్తే రేపు ఇబ్బంది పడేది మీరే."

"నాలుగడుగులు," అన్నాడు గాలివాన, గొంతు తగ్గించి.

ఆమె గొట్టాన్ని నేలలోకి దిగ్గొట్టి, మెలితిప్పి, పైకి లాగింది. అలా మూరెడు మూరెడుగా తీసినదాన్ని చెక్కమీద వరసగా పరిచింది. పైన ఎర్రమట్టి, ఇటుక ముక్కలు. దాని కింద నలిగిపోయిన తుంగ. ఆ కిందంతా కాటుకలాంటి నల్లని బురద.

"తుంగా నాచూ కుళ్లి ఒక వేలి మందం కావాలంటేనే ఇరవై ఏళ్లు పడుతుందండీ. ఇక్కడ మూడడుగులుంది. వెయ్యేళ్లయినా అయ్యుండొచ్చు."

"వెయ్యేళ్లే!"

"ఈ బూడిద చార చూశారా? ఎప్పుడో నీళ్లెండిపోయి తుంగ తగలబడింది. దానిపైన మళ్లీ తుంగే. ఇవిగో, నత్తగుల్లలు."

బియ్యపు గింజంత గుల్ల. దాని మెలికలు కూడా చెక్కుచెదరలేదు. గాలివాన కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నాడు.

"మా తాతగారి కాలం ఎక్కడుందమ్మా ఇందులో?"

ఆమె నల్లబురద మొదట్లో నాలుగు వేళ్లు ఆనించి చూపించింది. "ఇంతేనండీ."

ఆ నాలుగు వేళ్ల కింద ఇంకా చెక్క పొడవునా బురద ఉంది. తాతలు తాతలు అని ఊరంతా చాటుకున్న వంశం ఇంతేనా అనిపించింది ఆయనకి.

ఆమె గోటితో బురదలోంచి ఒక నల్లటి విత్తనం తీసి ఆయన అరచేతిలో పెట్టింది. "ఇది చచ్చిపోయిందనుకోకండి. ఎండా నీళ్లూ తగిలితే ఇప్పటికీ మొలవచ్చు."

"అమ్మో!" అన్నాడు గాలివాన.

గొట్టం దింపిన గుంతలోకి చూశాడు. అడుగునుంచి నీళ్లు మెల్లగా పైకొస్తున్నాయి. ఇన్ని లారీల మట్టి కిందనుంచి, ఎవరూ పిలవకుండానే వస్తున్నాయి. కప్పెట్టేశానని ఇన్నాళ్లూ హాయిగా నిద్రపోయినందుకు ఆయనకి సిగ్గేసింది. అక్కడే మట్టిలో గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు. తర్వాత జేబులోంచి ఫోను తీసి లారీలవాడికి కలిపాడు.

"లారీలన్నీ రేపే పంపించు. పోసిన మట్టంతా తోడెయ్యాలి... అంతా అంటే అంతా! పిచ్చేం ఎక్కలేదయ్యా, చెప్పింది చెయ్యి. గోదామూ లేదు, గీదామూ లేదు."

ఆమె తెల్లబోయి చూసింది.

"తప్పు నాదేనమ్మా. మెట్ట అని అబద్ధమాడాను. మీ నోటీసేదో ఇలా ఇవ్వండి, సంతకం పెట్టేస్తాను."

"నోటీసేమిటి సార్, మీ గోదాము పునాదికి మట్టి పరీక్ష చేయమని మీ అల్లుడుగారు పంపితే వచ్చాను!"