బార్లీ తప్పిన పరీక్ష

డెస్మండ్ తొడ మీద రెండుసార్లు తట్టాడు. ఆయన కుక్క బార్లీ దగ్గరికి రాలేదు. నింపాదిగా టీ బల్ల దాకా నడిచి, పళ్ళెంలోంచి మాంసం కూరిన సాసేజ్ రోల్ ఒకటి నోట కరుచుకుని కిటికీ కిందికి పోయి కూర్చుంది.

"ఈ కుక్కల వాళ్ళకు మాత్రం నా ఓటు వెయ్యను. ఎందుకంటారా, అదిగో, అక్కడ నములుతోంది చూడండి" అంది బెరిల్.

పచ్చిక మీద బంతులు దొర్లించి ఆడే బౌల్స్ క్లబ్బు హాలంతా గొల్లుమంది. క్లబ్బు అధ్యక్షుడైన డెస్మండ్ పికరింగ్ చెవులదాకా ఎర్రబడ్డాడు. ఆ ఏడాది రాఫిల్ లాటరీ టిక్కెట్లమ్మిన సొమ్ము ఏ సంస్థకు ఇవ్వాలో తేల్చే రోజది. బల్ల మీద మూడు ఖాళీ ఐస్‌క్రీమ్ డబ్బాలు పెట్టారు. ఒకటి సముద్రంలో చిక్కుకున్నవాళ్ళను కాపాడే పడవలవాళ్ళది. ఒకటి ఆఖరి రోజుల రోగులను చూసుకునే ఇంటిది. మూడోది నడవలేనివాళ్ళకు సాయం చేసే కుక్కలను తయారుచేసే సంస్థది. ఆ మూడో సంస్థ తరఫున మాట్లాడటానికి వచ్చిన కారిస్ అనే అమ్మాయి చక్రాల కుర్చీలో ముందు వరసలోనే ఉంది.

కార్యదర్శి బెరిల్ నోరు ఊరుకునే రకం కాదు. ఈ బార్లీని మీ సంస్థ కోసమే ఎనిమిది వారాల పిల్లప్పటినుంచి డెస్మండ్ పెంచాడని, పద్నాలుగు నెలలు వానలోనూ మంచులోనూ తిప్పి పాఠాలు చెప్పాడని, అయినా తిండి కనిపిస్తే ఆగలేక పరీక్ష తప్పిందని కారిస్‌కు పూసగుచ్చినట్టు చెప్పింది. తప్పిన కుక్కను ముందుగా పెంచినవాళ్ళకే ఇస్తారట, అందుకే అది ఈయన నెత్తిన పడిందట. "ఊళ్ళో తలెత్తుకోలేకపోతున్నాడు పాపం" అని ముగించింది. డెస్మండ్ వంగి బూట్ల తాళ్ళు బిగించుకున్నాడు.

కారిస్ నవ్వలేదు. తను రాసుకొచ్చిన కాగితం మడిచి పక్కన పెట్టేసింది.

"మా అమ్మ పొద్దున్నే నన్ను కుర్చీలో కూర్చోబెట్టి పనికి పోతుందండీ. ఈ ఫోను చేతిలోంచి జారిందంటే, సాయంత్రం అమ్మ వచ్చేదాకా నేలమీదే ఉంటుంది. మోగుతూనే ఉంటుంది, నేను చూస్తూనే ఉంటాను" అంది.

మూడేళ్ళు ఎదురుచూస్తే ఒకసారి తన వంతు వచ్చిందని చెప్పింది. పరీక్ష అయ్యేదాకా కుక్కను చూపించరు, పేరైనా చెప్పరు, ఊరికే ఆశలు పెంచుకుంటారని. ఆ కుక్క అన్నీ చేసిందట. తలుపు తీసిందట, మేజోడు లాగిందట. చివరికి నడివీధిలో కావాలని పడేసిన సాసేజ్ ముక్క మీదికి పోయిందట. మళ్ళీ తన వంతు ఎప్పుడో తెలియదు.

"దాన్ని పెంచినాయన రోడ్డు అవతల నిలబడి చూస్తున్నాడట. పాపం, తొడ మీద రెండుసార్లు తట్టి పిలిచాడట కూడాను. అది వినలేదు. ఆయన అక్కడే ఏడ్చేశాడని చెప్పారు. నా సంగతి సరే, ఆయన్ను తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. మీ తప్పేం లేదని ఆయనకు ఒక ఉత్తరం రాయాలనుకున్నాను. అడ్రసు ఇవ్వలేదు."

హాల్లో చాలామంది ముక్కులు తుడుచుకున్నారు. డెస్మండ్‌కు ఆ గదిలోంచి లేచి పారిపోవాలనిపించింది.

ఓటుగా తలా ఒక టిక్కెట్టు డబ్బాల్లో వేశారు. లెక్క చూస్తే పడవలకు తొమ్మిది, కుక్కలకు తొమ్మిది, రోగుల ఇంటికి నాలుగు. సమానంగా వస్తే అధ్యక్షుడి ఓటుతో తేలుతుంది. డెస్మండ్ లేచాడు. తన టిక్కెట్టు కుక్కల డబ్బాలో వేశాడు.

"నీ కుక్క పరువు తీస్తే మా సొమ్ముతో కడుక్కుంటున్నావా?" అని బెరిల్ మూతి విరిచింది.

"అలా అనకండమ్మా" అంది కారిస్. "పికరింగ్ గారూ, మీరు చాలా మంచివారు. తప్పిన కుక్కను కూడా ఇంత ప్రేమగా చూసుకుంటున్నారు." చప్పట్లు కొట్టబోయింది. ఒళ్ళోని ఫోను జారి నేలమీద పడింది.

ఎవరూ లేవకముందే బార్లీ లేచింది. సాసేజ్ రోల్స్ పళ్ళెం పక్కనుంచే నడిచి వచ్చింది, అటు చూడనైనా లేదు. ఫోను మెత్తగా నోట పట్టుకుని కారిస్ ఒళ్ళో పెట్టి, పక్కన కూర్చుంది. ఎవరూ చెప్పలేదు దానికి.

బెరిల్ నోరు వెళ్ళబెట్టింది. నమ్మకం కుదరక ఒక సాసేజ్ రోల్ తెచ్చి దాని ముక్కు దగ్గర పెట్టింది. బార్లీ ముట్టుకోలేదు. తల తిప్పి డెస్మండ్‌కేసి చూస్తూ కూర్చుంది.

"కడుపు నిండిందేమోలే" అంది బెరిల్.

డెస్మండ్ అవునంటే సరిపోయేది. హాలంతా సరేనని టీ తాగడానికి లేచేది.

"కాదండీ, అది మీకేసే చూస్తోంది. దేనికోసమో కాచుకుని ఉంది" అంది కారిస్, ఫోనుకంటిన చొంగ చేత్తో తుడుచుకుంటూ.

డెస్మండ్ సిగ్గుతో చితికిపోయాడు. ఆ పిల్ల మొహంలోకి చూడాలంటే చేతకాలేదు.

"ఆ ఉత్తరం రాయకమ్మా" అన్నాడు.

తొడ మీద రెండుసార్లు తట్టాడు. బెరిల్ చేతిలోని సాసేజ్ రోల్‌ను బార్లీ ఒక్క గుటకలో మింగేసింది.